గుప్తేశ్వరం గబ్బిలాల ముక్కు మీద తెల్లగా ఉన్నది ఏమిటి?

నమస్కారం అండి. మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి కదా. కార్తీక మాసంలో ఒడిశాలోని జైపూర్ నుంచి ఇంటిల్లిపాదీ గుప్తేశ్వరం శివుడి గుహ గుడికి వెళ్లారు. స్వామి దర్శనం అయ్యాక పక్కనున్న చిన్న గుహలోకి ఫోన్ లైటు వేసి తొంగిచూశారు. రెండు మూడు గబ్బిలాల ముక్కు దగ్గర తెల్లగా ఏదో కనిపించింది. నేల మీద ఒకటి చచ్చిపడి, ఒళ్లంతా దూదిలా బూజు పట్టి ఉంది. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే అమెరికాలో లక్షల గబ్బిలాలను చంపిన 'తెల్లముక్కు జబ్బు' ఫోటోలు వచ్చాయి. అవి చూసి మీ మామగారు, ఇంటి వెనక పాత ధాన్యం గోదాములో ఉన్న గబ్బిలాలకు పొగ పెట్టించేద్దాం అంటున్నారు. పిల్లలకు అంటుకుంటుందేమోనని మీకు టెన్షన్.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరు చూసింది ఆ జబ్బు కాదు. ఆ జబ్బు మనుషులకు అంటదు. పొగ పెట్టకండి.

ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను కోరాపుట్ జిల్లాలో ఇరవై ఆరేళ్లు జువాలజీ పాఠాలు చెప్పాను. సెలవుల్లో పరిశోధనకు వచ్చే పిల్లల వెంట వలలూ త్రాసూ మోసుకుంటూ ఈ కొండల్లో గుహలన్నీ తిరిగాను. గబ్బిలాల రెట్ట వాసన నా చొక్కాలకు పట్టేసిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అమెరికా కథ 2006 ఫిబ్రవరితో మొదలవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గరున్న హోవ్ గుహలో ఒకాయన ఫోటోలు తీశాడు. అందులో నిద్రపోతున్న గబ్బిలాల మూతి చుట్టూ పిండి అద్దినట్టు తెల్లగా ఉంది. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి చలికాలానికి ఆ చుట్టుపక్కల గుహల్లో గబ్బిలాలు వేల సంఖ్యలో చచ్చి పడి ఉన్నాయి. ఆ తెలుపు ఒక బూజు. 2009లో దానికి జియోమైసిస్ డిస్ట్రక్టన్స్ అని పేరు పెట్టారు. 2013లో ప్రజాతి మార్చి సూడోజిమ్నోఅస్కస్ డిస్ట్రక్టన్స్ అన్నారు. ఇంటిపేరు మారినా 'డిస్ట్రక్టన్స్' అలాగే ఉండిపోయింది, నాశనం చేసేది అని అర్థం. 2012 నాటికే 57 లక్షల నుంచి 67 లక్షల గబ్బిలాలు పోయాయని అక్కడి వన్యప్రాణి శాఖ అంచనా వేసింది. 2016లో దేశం అవతలి కొసనున్న వాషింగ్టన్ రాష్ట్రంలోనూ బయటపడింది. చిన్న గోధుమ గబ్బిలం, ఉత్తరాది పొడుగుచెవుల గబ్బిలం, మూడు రంగుల గబ్బిలం అనే మూడు జాతులు పదేళ్లు తిరక్కుండానే నూటికి తొంభై పాళ్లకు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. గబ్బిలం ఎలుక లాంటిది కాదు, ఏడాదికి ఒకటో రెండో పిల్లలనే కంటుంది. పోయిన గుంపు మళ్లీ నిండాలంటే మన మనవల కాలం పడుతుంది.

ఇంతకీ ఒంటిమీద బూజు పడితే గబ్బిలం ఎందుకు చావాలి? మనకు తామర వస్తే గోక్కుంటాం గాని చావం కదా. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మన కొండ ఊళ్లలో కరువు నెలలు మీకు తెలుసు. వానలు పడుతుంటాయి, కొత్త పంట రాదు, ఇంట్లో డిబ్బీలో ఉన్న చోళ్లే (రాగులే) దిక్కు. ఇల్లాలు లెక్క వేసుకుని రోజుకి ఇన్ని గుప్పిళ్లని అంబలి కాస్తుంది. ఇప్పుడు ఆ ఇంటికి వారానికొక చుట్టం అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టాడనుకోండి. ప్రతిసారీ పొయ్యి వెలిగించాలి, కుండెడు అంబలి కాయాలి. చుట్టం దొంగ కాదు, ఎవరినీ కొట్టడు. కాని కొత్త పంట వచ్చేలోపు డిబ్బీ ఖాళీ అవుతుంది. తెల్లముక్కు జబ్బు సరిగ్గా ఇలాంటి చుట్టమే.

చలిదేశాల్లో శీతాకాలంలో పురుగులుండవు. పురుగులు తిని బతికే గబ్బిలం అందుకే శరత్కాలంలో బాగా తిని కొవ్వు పట్టించుకుని గుహలోకి పోయి వేలాడుతుంది. దాన్ని మనం శీతనిద్ర అంటాం గాని నిజానికి నిద్రకూ దానికీ పోలిక తక్కువ. ఒంటి వేడి గుహ వేడితో సమానంగా పడిపోతుంది, అంటే ఏడెనిమిది డిగ్రీలకు. నిమిషానికి వందల్లో కొట్టుకునే గుండె ఇరవైకి లోపు దిగిపోతుంది. పొయ్యి ఆర్పేసి నివురు కింద నిప్పు కప్పి పెట్టినట్టు. అయినా నెలల తరబడి అలాగే ఉండలేదు. రెండు మూడు వారాలకొకసారి లేచి ఒళ్లు వేడెక్కించుకుని, నీళ్లు తాగి, ఒక్కోసారి జతకట్టి, మళ్లీ చల్లబడుతుంది. ఆ లేవడమే ఖరీదైన పని. శీతాకాలం మొత్తంలో అది మెలకువగా ఉండే సమయం నూటికి ఒకటో రెండో పాళ్లు. కాని దాచుకున్న కొవ్వులో ముప్పాతిక వంతుకు పైగా ఆ కొద్దిసేపట్లోనే ఖర్చయిపోతుంది.

ఆ లేవడం ఎలా ఉంటుందో ఒకసారి నా చేతిలోనే చూశాను. పుష్య మాసం, సెమిలిగుడ పక్కన పాడుబడ్డ బంగళా. మనకు నెలలపాటు సాగే శీతనిద్ర లేదు గాని, కొండ మీద చలి రాత్రుల్లో చిన్న గబ్బిలాలు ఒక పూట పాటు ఒళ్లు చల్లబరచుకుంటాయి. తెల్లవారుజామున తలుపు పగులులోంచి బొటనవేలంత గబ్బిలం ఒకటి జారి కిందపడింది. త్రాసులో నాలుగు గ్రాములు తూగింది, అంటే ఒక చెంచాడు చక్కెర. తోలు తొడుగు వేసుకున్న చేతికి కూడా గులకరాయిలా చల్లగా తగిలింది. కళ్లు మూసుకుని ఉంది, ఊపిరి ఆడుతున్నట్టే లేదు. చచ్చిందనుకున్నాను. కాసేపటికి భుజాల దగ్గర సన్నగా వణుకు మొదలైంది. చలికాలం పొద్దున్నే పాత స్కూటర్‌ని కిక్కులు కొడితే ముందు దగ్గి, తర్వాత అందుకుంటుందే, అచ్చం అలాగే. వణుకు ముదిరి ఒళ్లంతా పాకింది. నోరు తెరిచింది, చెవులు నిక్కాయి. పావుగంట దాటాక తొడుగు లోపలికి వెచ్చదనం తెలిసింది. ఇంకో ఐదు నిమిషాలకు ఎగిరి కిటికీలోంచి పోయింది. నాలుగు గ్రాముల ప్రాణి ఆ పావుగంటలో ఎంత కొవ్వు కరిగించిందో అనుకుంటూ నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మన గబ్బిలం ఆ సాయంత్రం నాలుగు పురుగులు పట్టుకుని అప్పు తీర్చేసుకుంటుంది. న్యూయార్క్ మంచులో ఉన్నదానికి ఏప్రిల్ దాకా పురుగు దొరకదు.

ఇప్పుడు బూజు సంగతి. దీనికి చలంటే ఇష్టం. పన్నెండు నుంచి పదహారు డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, ఇరవై దాటితే పెరగలేదు. ఫ్రిజ్‌లో మర్చిపోయిన నిమ్మచెక్క మీద కూడా బూజు పడుతుంది చూడండి, చలి అన్ని బూజులనూ ఆపలేదు. చల్లటి గబ్బిలం ఈ బూజుకు ఫ్రిజ్‌లో పెట్టిన నిమ్మచెక్క. ముక్కు మీద కనిపించేది పైపై అలంకారం, అసలు నష్టం రెక్కల్లో. రెక్క అంటే ఎగిరే సాధనం ఒక్కటే కాదు. గబ్బిలం ఒంటి చర్మంలో ఎక్కువ భాగం రెక్కలే. ఒంట్లో నీరు నిలవడం, లవణాల సమతూకం, కొంతవరకు వాయువుల మార్పిడి కూడా ఆ పల్చటి పొర మీద ఆధారపడి ఉంటాయి. బూజు ఆ పొరను కొరుక్కుంటూ లోపలికి పోయి చిన్న చిన్న గిన్నెల్లా గుంటలు చేస్తుంది. అలాంటి రెక్కను చీకట్లో అతినీలలోహిత కాంతిలో చూస్తే నారింజ రంగు చుక్కలు మెరుస్తాయి. గబ్బిలాన్ని చంపకుండా జబ్బు ఉందో లేదో చూసే పద్ధతి అది.

ఆ రెక్క దెబ్బతిన్న గబ్బిలం ఏం చేస్తుంది? లేస్తుంది. మాటిమాటికీ లేస్తుంది. ఒంటికి చిన్న కొలత పరికరాలు అతికించి లెక్కేస్తే, ఆరోగ్యంగా ఉన్నవి సగటున 16 రోజులకోసారి లేస్తుంటే జబ్బుతో చచ్చినవి 8 రోజులకోసారి లేచాయి. చుట్టం రెట్టింపు సార్లు తలుపు కొట్టాడన్నమాట. ఎందుకు లేస్తుందన్న దానికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. రెక్కలోంచి నీరు పోయి దాహం వేయడం ఒకటి. 2014లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. రెక్కలు కంటికి బాగానే కనిపిస్తున్న తొలిదశలోనే జబ్బు గబ్బిలాలు రెట్టింపు శక్తి ఖర్చుపెడుతున్నాయట. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని రక్తం ఆమ్లమవుతోంది, పొటాషియం పెరుగుతోంది. ఒళ్లు ఆ తేడాను సరిచేసుకోవాలంటే లేచి గట్టిగా ఊపిరి తీసుకోవాలి. లేస్తే కొవ్వు కరుగుతుంది. లేవకపోతే రక్తం చెడుతుంది. ఎటు చూసినా నష్టమే.

చివరికి డిబ్బీ ఖాళీ అయినప్పుడు అది చేసే పని చూస్తే జాలేస్తుంది. జనవరి మధ్యాహ్నం, చుట్టూ మంచు, గుహలోంచి బయటికి ఎగురుతుంది. తిండికో నీళ్లకో వెతుక్కుంటుంది. ఏదీ దొరక్క గుహ ముందు మంచు మీద పడి చస్తుంది. పగటిపూట ఎగిరే గబ్బిలాలు కనబడితే ఆ జబ్బు వచ్చినట్టేనని అక్కడివాళ్లు అందుకే అనుకుంటారు.

మీలో కొందరికి వచ్చే అనుమానం నాకూ వచ్చింది. ఒంట్లో రోగనిరోధక శక్తి ఏం చేస్తోంది? శీతనిద్రలో అదీ పడుకుంటుంది. పొయ్యి ఆర్పిన ఇంట్లో కాపలావాడికి కూడా జీతం ఆపేసినట్టు. రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. కొన్నింటి రక్తంలో ఈ బూజుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారైనట్టు కనబడింది, కాని అవి ఉన్నంత మాత్రాన గబ్బిలం బతకలేదు. రెక్క కణాల్లో మంటను రేపే జన్యువులు మేలుకున్నాయి, అది కూడా ఖర్చే. ఇందులో నాకు మరీ చిత్రంగా అనిపించేది వసంతంలో జరిగేది. ఎలాగో ఏప్రిల్ దాకా నెట్టుకొచ్చిన గబ్బిలం ఒళ్లు వేడెక్కించుకుని బయటికి వస్తుంది. వేడికి బూజు చావడం మొదలవుతుంది. అంతవరకు పడుకున్న సైన్యం ఒక్కసారిగా లేచి రెక్కల మీద పడుతుంది, బూజుతో పాటు రెక్కనూ చీల్చేస్తుంది. హెచ్‌ఐవీ రోగులకు మందులు మొదలుపెట్టాక నిరోధక శక్తి తిరిగొచ్చి ఒక్కోసారి రోగిని కుంగదీస్తుంది, ఇదీ అలాంటిదేనని శాస్త్రవేత్తలు పోల్చారు. బూజు నుంచి బయటపడ్డాక సొంత సైన్యం చేతిలో పోయేవి కొన్ని. అదీ దాటి నాలుగు పురుగులు తినగలిగితే మాత్రం చిరిగిన రెక్క కొన్ని వారాల్లో మానిపోతుంది. గబ్బిలం రెక్క మానినంత తొందరగా మానే చర్మం నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నీ పోలేదు. కొన్ని గుహల్లో పదో పాతికో మిగిలాయి, మెల్లగా నిలదొక్కుకున్నాయి కూడా. అవి ఎలా తట్టుకున్నాయన్నదే ఇప్పుడు అక్కడి శాస్త్రవేత్తల అసలు పని. తేలిన సంగతుల్లో మొదటిది లావు. జబ్బు వచ్చాక కూడా నిలిచిన గుంపుల్లో గబ్బిలాలు చలికాలం ముందు పాతవాటికంటే ఎక్కువ కొవ్వు పట్టి ఉన్నాయి. చుట్టాన్ని ఆపలేనప్పుడు డిబ్బీ పెద్దది చేసుకోవడం అన్నమాట. దీన్ని చూసే కొన్నిచోట్ల గుహల ముందు రాత్రిళ్లు దీపాలు వెలిగించి పురుగులను పోగేసి గబ్బిలాలకు విందు పెట్టే ప్రయోగాలు చేస్తున్నారు. రెండోది, విడివిడిగా పడుకోవడం. చిన్న గోధుమ గబ్బిలాలు అంతకుముందు గుత్తులు గుత్తులుగా ఒకదాన్నొకటి అతుక్కుని వేలాడేవి, ఒంటరిగా ఉండేవి నూటికి ఒకటో అరో. జబ్బు వచ్చాక దాదాపు సగం ఒంటరిగా పడుకోవడం మొదలుపెట్టాయి. కోవిడ్ రోజుల్లో మనం చేసిందే, ఎవరూ చెప్పకుండానే. మూడోది జన్యువులు. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో బతికినవాటికీ చచ్చినవాటికీ మధ్య కొన్ని జన్యువుల్లో తేడాలు కనిపించాయి, వాటిలో శీతనిద్రకూ కొవ్వు వాడకానికీ సంబంధించినవి ఉన్నాయి. కొన్ని గబ్బిలాల చర్మం మీద సహజంగా ఉండే సూడోమోనాస్ బాక్టీరియా ఈ బూజును ఎదగనివ్వకుండా ఆపుతుందని ల్యాబ్‌లో తేలింది.

ఇదంతా వింటే ప్రకృతి తనే దారి చూసుకుంటోంది అనిపిస్తుంది. నేను అంత తొందరగా ఆ మాట అనను. గబ్బిలాలన్నీ తెలివిగా స్పందించట్లేదు మరి. కాస్త వెచ్చగా ఉండే గుహల్లో బూజు ఎక్కువ పెరుగుతుంది, చావులూ ఎక్కువ. అయినా మిషిగన్, విస్కాన్సిన్‌లలో గమనిస్తే ఎక్కువ గబ్బిలాలు ఏటా ఆ వెచ్చటి చోట్లకే పోతున్నాయి. తరతరాలుగా వెచ్చదనమే మంచిదని ఒంట్లో రాసి ఉంది. నిన్నటిదాకా ప్రాణం కాపాడిన అలవాటు ఇవాళ ఉరితాడయింది.

యూరప్ సంగతి వేరు. అక్కడా ఇదే బూజు ఉంది, గబ్బిలాల ముక్కు మీద తెల్లగా కనిపిస్తుంది కూడా, కాని గుంపులు గుంపులుగా చావవు. బూజే వేరేమో అనుకుని 2012లో యూరప్ బూజును అమెరికా గబ్బిలాలకు అంటించి చూశారు. చక్కగా చంపింది. అంటే తేడా బూజులో లేదు, గబ్బిలంలో ఉంది. యూరప్ గబ్బిలాలు ఎన్నో తరాలుగా దీనితో కాపురం చేసి రాజీపడ్డాయి. అమెరికా గబ్బిలాలకు అది ఉన్నట్టుండి ఊడిపడ్డ గండం. తర్వాత ఈశాన్య చైనా గుహల్లోనూ ఇది దొరికింది. అమెరికాకు వెళ్లిన బూజు జన్యు జాడలు పట్టుకుని పోతే ఉక్రెయిన్‌లోని పొడీలియా ప్రాంతం గుహలవైపు దారి తీశాయని 2025లో తేల్చారు. ఆ గబ్బిలాలు అట్లాంటిక్ సముద్రం దాటవు. బూట్లు, తాళ్లు దాటతాయి. ఈ బూజు విత్తులు గబ్బిలాలు లేకపోయినా గుహ మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. మన తెలుగు పిల్లలు అమెరికాలో కెంటకీ మామత్ గుహ చూడ్డానికి వెళ్తే బయటికి వచ్చేచోట మందు కలిపిన తడి చాపల మీద నడిపిస్తారు, అది దీనికోసమే. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే, ఆ బూట్లతోనే సెలవులకు వచ్చి హిమాలయ గుహలకు పోవద్దని చెప్పండి. 55 డిగ్రీల వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెడితే సరిపోతుంది.

హిమాలయాలనే ఎందుకన్నానంటే మన గుహల్లో ఈ బూజుకు చోటు లేదు. లోతైన గుహలో వేడి, బయట ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. జనవరిలో పొట్టంగి కొండల మీద, దేవమాలి దగ్గర ఎముకలు కొరికే చలి వేసినా అది రాత్రి నాలుగు గంటల ముచ్చట. గుహ లోపలికి అది చేరదు. గుప్తేశ్వరం కొలాబ్ నది ఒడ్డున, ఇంకా పల్లంలో ఉంది. ఆ చుట్టుపక్కల గుహల్లో నేను థర్మామీటర్ పెట్టిన ఏ చలికాలంలోనూ పాదరసం ఇరవైకి దిగలేదు. రెండోది, మన గబ్బిలాలు నెలల తరబడి చల్లబడి వేలాడవు. మనకు డిసెంబరులోనూ పురుగులుంటాయి, అవి రాత్రి వేటకు పోతాయి, ఒళ్లు వేడిగా ఉంటుంది. వేడి ఒంటి మీద ఈ బూజు నిలవదు. మన దేశంలో ఎక్కడైనా జాగ్రత్తపడాలంటే నిజంగా శీతనిద్రకు పోయే గబ్బిలాలు, చల్లటి గుహలు ఉన్న హిమాలయాల్లో పడాలి.

మరి మీరు చూసిన తెలుపేమిటి? నాకు బాగా అనుమానం ఉన్నది ఒకటుంది. గుప్తేశ్వరం గుహల్లో ఆకుముక్కు గబ్బిలాలు, గుర్రపునాడా ముక్కు గబ్బిలాలు ఉంటాయి. ఆ అడవిని 2024లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిందంటే అందులో ఈ గబ్బిలాల పాత్ర కూడా ఉంది. ఆకుముక్కు జాతుల్లో చాలావాటికి, ముఖ్యంగా మగవాటికి, ముక్కు మీది ఆకు వెనక నుదుటి మీద చిన్న సంచి ఉంటుంది. దానిలోంచి మైనం లాంటిది ఊరుతుంది, లోపల కుచ్చులా వెంట్రుకలుంటాయి. ఆ సంచి తెరుచుకున్నప్పుడు ఫోన్ లైటు పడితే, ముక్కు మీద ఎవరో విభూతి పెట్టినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ బూజే అనుకున్నాను, మా వెంట ఉన్న కుర్రాడు నవ్వాడు. అది కాకపోతే సున్నపురాయి పొడి. అది గుహ కప్పు నుంచి రాలి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. రెక్కల మీద తెల్లటి చుక్కలు కదులుతుంటే అవి పేలు లాంటి పురుగులు.

నేల మీద దూదిలా ఉన్నది చచ్చిన గబ్బిలం. చచ్చినదానికి తేమ గుహలో మామూలు బూజు రెండు రోజుల్లో పడుతుంది. పడకపోతే వింత. తెల్లముక్కు జబ్బు బతికున్న గబ్బిలం మీద పడుతుంది.

మనుషులకు ఎందుకు అంటదో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఇరవై డిగ్రీలకు చేతులెత్తేసే బూజు మన 37 డిగ్రీల ఒంట్లో ఏం చేస్తుంది? అయితే గుహలో మనిషి భయపడాల్సిన బూజు వేరే ఒకటుంది, నెట్‌లో తెల్లముక్కు ఫోటోలు చూసి హడలిపోయేవాళ్లెవరూ దాని పేరు ఎత్తరు. అది హిస్టోప్లాస్మా. గబ్బిలాల, పక్షుల రెట్ట పేరుకున్న మట్టిలో పెరుగుతుంది, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలామందికి జలుబులా వచ్చి పోతుంది. కొందరికి జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో టీబీలా కనిపించే మచ్చలు. గుహకు వెళ్లొచ్చాక రెండు మూడు వారాల్లో అలాంటి జ్వరం వస్తే డాక్టరుకు గుహ సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచనే రాదు. పిల్లలను అలాంటి పక్క గుహల్లోకి తీసుకెళ్లకండి, వెళ్తే మంచి మాస్కు పెట్టండి. కిందపడ్డ గబ్బిలాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వకండి. కరిస్తే గాయం కనిపించకపోయినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు రేబీస్ టీకాకు వెళ్లాలి.

ఇక మీ మామగారి పొగ. మీరు ఆయనతో వాదించకండి, పెద్దాయన కదా, లెక్క చెప్పండి. రైతు ఇంటివాళ్లకు లెక్క బాగా ఎక్కుతుంది. అమెరికాలో తెల్లముక్కు జబ్బుతో గబ్బిలాలు పోయిన జిల్లాల్లో రైతులు పురుగుమందు వాడకం దాదాపు 31 శాతం పెంచారని 2024లో ఒక అర్థశాస్త్ర పరిశోధన వచ్చింది. అదే జిల్లాల్లో పసిపిల్లల చావులు 8 శాతం దాకా పెరిగాయట. గబ్బిలాలు ఉచితంగా చేసిన పనికి ఆ రైతులు డబ్బా మందులు కొన్నారు. థాయిలాండ్‌లో గుహ గబ్బిలాలు వరిని పీల్చే దోమలను తినేస్తాయని తేలింది. మీ గోదాములోవి రాత్రి ఎక్కడ తిరుగుతున్నాయనుకుంటున్నారు? మీ పొలం మీదే.

పొగ పెడితే ఏమవుతుందో నేను చూశాను. పొగ కాకపోయినా అలాంటిదే. చాలా ఏళ్ల కింద ఇక్కడే ఒక ఆఫీసు గోదాములో గబ్బిలాల బెడద అని కాంట్రాక్టరు పట్టపగలు వెంటిలేటర్లన్నీ సిమెంటుతో మూసేశాడు. గబ్బిలాలు పగలు లోపలే ఉంటాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వారానికి వాసన మొదలైంది. మూడు వారాలు ఆ వరండాలో ఎవరూ కూర్చోలేకపోయారు. చివరికి మూసిన గోడలు పగలగొట్టి తట్టలతో ఎత్తిపోశారు, తల్లుల రొమ్ములకు పిల్లలు కరుచుకునే ఉన్నాయి. నేను రెండుసార్లు కాగితం రాసి ఇచ్చాను, ఎవరూ జవాబు ఇవ్వలేదు.

నిజంగా గోదాము కావాలంటే ఇలా చేయండి. పిల్లలు ఉన్నాయేమో ముందు చూడండి. సాయంత్రం అన్నీ బయటికి పోయాక కూడా కప్పు నుంచి కిచకిచలు వినబడుతుంటే పిల్లలున్నట్టే, అవి ఎగిరేదాకా ఒకటి రెండు నెలలు ఆగాలి. తర్వాత అవి వచ్చిపోయే సందుకు పైనుంచి దోమతెర గుడ్డను వదులుగా వేలాడదీయండి. లోపలివి కిందికి జారి బయటపడతాయి, బయటివి మళ్లీ దూరలేవు. వారం అయ్యాక సందు మూసేయండి. రెట్టను ఎండుగా ఊడవకండి, నీళ్లు చల్లి తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని ఎత్తండి. ఎత్తినది పారేయొద్దు, బస్తా కట్టి మీ మామగారికి ఇవ్వండి, వంకాయ మడికి దానంత ఎరువు లేదు. ఆయనకు గబ్బిలాల మీద మనసు మారితే దానివల్లే మారుతుందని నా నమ్మకం.

ఇంకోసారి గుప్తేశ్వరం వెళ్లినప్పుడు ఆ తెలుపు మళ్లీ కనిపిస్తే లోపలికి పోకండి, గుహ నోటి దగ్గరే నిలబడి ఫోన్‌ను జూమ్ చేసి తీయండి. లైటు ఒక్క క్షణం చాలు, ముఖం మీద నిలపకండి. నుదుటి మీది సంచి కనపడేలా ముఖం ఎదురుగా ఒకటి, రెక్క తెరిచినప్పుడు ఒకటి, రెండు ఫోటోలుంటే చాలు. ఇక్కడ పెట్టండి, మగదో ఆడదో కూడా చెప్తాను.